మిర్యాలగూడలో దిగిపోయిన శబరిమల యాత్ర

అల్వాల్‌లో మా కాలనీ సంఘం వేసిన కొత్త సంవత్సరం సంచికలో నేనొక యాత్రా కథనం రాశాను. మా బావ సత్తయ్యతో కలిసి శబరిమల వెళ్ళినట్టు, పంబలో నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నట్టు, నేను మాల వేసుకోని సివిల్ స్వామిని కాబట్టి పద్దెనిమిది మెట్లు ఎక్కకుండా పక్కదారిలో దర్శనానికి పోయినట్టు అందులో ఉంది. చాలామంది బాగుందన్నారు. ఆ యాత్ర జరగలేదు. పంబను నేను ఇంతవరకూ చూడలేదు. ఆ వివరాలన్నీ మా పక్కింటాయన చెప్పినవి. మీకు పంచిన అరవణ ప్రసాదం కూడా ఆయన తెచ్చిందే.

అది అట్లాగే ఉండిపోయేది. కానీ పోయిన వారం మా వీధి చివర ఉండే టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "అన్నా, మీ బావగారు అంత తాగేటోరట గదా. స్వామి దయతోని మానేసిన్రట. నేను మీది సదివిన. మా ఆయనకు గూడ బుధవారం మాల వేయిస్తున్న. ఆ పొద్దటి నుంచే బంద్" అంది. వాళ్ళాయన పొద్దున లేవగానే తాగే మనిషి. నాకు భయం వేసింది. ఆమెకు చెప్పాల్సింది అప్పుడే చెప్పాను. మిగతా వాళ్ళకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. బావ తాగడం మానిన మాట, ఇప్పటికైతే, నిజం. యాత్ర చేసిన మాట కూడా నిజమే. ఊరు మాత్రం వేరు.

మా బావ బోయిగూడలో వడ్రంగి. టింబర్ డిపోల పక్కన చిన్న షెడ్డులో దర్వాజాలు చేస్తాడు. ఏడాదంతా తాగేవాడు. మాల వేసుకుంటే మాత్రం మండలం రోజులు చుక్క ముట్టేవాడు కాదు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక. మాల తీసిన రోజు సాయంత్రమే షెడ్డు ముందు దావత్. చాలా ఏళ్ళు ఇట్లాగే నడిచింది. మేము కూడా ఆ దావత్‌ను పండుగ లాగానే చూసేవాళ్ళం.

ఈసారి నడవలేదు. మాల వేసుకున్న మూడో రోజు పొద్దున నల్లా దగ్గర స్నానం చేస్తూ పడిపోయాడు. ఫిట్స్. మా సుగుణక్క ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. నేను వెళ్ళేసరికి బావ మంచం మీద ఉన్నాడు. హడావుడిలో ఎవరో మాల కత్తిరించేశారు. పూసలు అక్క కొంగులో ఉన్నాయి. ఇన్నేళ్ళు అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారి ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుందని, ఇంట్లో పెట్టి మాన్పించవద్దని, డాక్టరు ఉండే కేంద్రంలో చేర్పించమని చెప్పారు. మిర్యాలగూడ దగ్గర ఒకటి ఉందని వాళ్ళే చెప్పారు. దారిలో వేసుకోవడానికి మాత్రలు ఇచ్చి పంపించారు.

అక్క ఏడ్చింది బావ ఒంటి గురించి కాదు. "తాగుడు మాన్పిచ్చే జాగల వేసిన్రంటె గల్లీల తలెట్ల ఎత్తుకోవాలె రా? అందులో మాల తెగిందంటె ఇంక అంతే" అంది. అప్పుడు ఆలోచన చెప్పింది నేనే. బావకు నల్లబట్టలే కడదాం, కండువా మెడ నిండా కప్పుదాం, మండలం నిండకముందే ఎందుకంటే మొక్కు అందాం, కేరళ వైపు పోయే రైలు ఎక్కుదాం, అందరి ముందే ఎక్కుదాం, మిర్యాలగూడలో దిగిపోదాం. ఆ బండి అక్కడ ఆగుతుందని నేను ముందే చూసుకున్నాను.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. నేను ఫౌజులో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. తాగను. చలి ప్రాంతాల్లో ఉన్నప్పుడు కూడా తాగలేదు. కానీ నాకు మిలిటరీ క్యాంటీన్ కార్డు ఉంది, నెలనెలా మందు సీసాల కోటా ఉంది. అది పోనివ్వడం ఎందుకని తెచ్చేవాణ్ణి. కరెంటు పని చేసిన మనిషికి ఒకటి, ప్లాటు కాగితాలు తొందరగా చేయించిన మనిషికి ఒకటి, మిగిలినవి బోయిగూడకు. బోనాలకూ, బావ పుట్టినరోజుకూ, ఏమీ లేని ఆదివారానికీ. న్యూస్ పేపర్లో చుట్టి తీసుకుపోయేవాణ్ణి. "మిలిటరీది, తలనొప్పి రాదు" అని నేనే అనేవాణ్ణి. రాదో వస్తుందో నాకెట్లా తెలుసు? చుట్టాల్లో బావకు తాగుబోతు అని పేరు. నాకు మంచోడని పేరు.

*

బయలుదేరిన రోజు పదకొండు గంటలకు సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరాం. బోయిగూడ దగ్గరే కాబట్టి గల్లీ సగం మా వెంట వచ్చింది. నెత్తిన నల్ల మూటతో బావ ముందు నడిచాడు. అది ఇరుముడి కాదు. అందులో దుప్పటి, రెండు బనియన్లు, మాత్రలు ఉన్నాయి. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అప్పుడు మాత్రం తెలివైన పని చేస్తున్నాననే అనుకున్నాను.

ప్లాట్‌ఫారం మీద అక్కావాళ్ళ పక్కింటి నర్సమ్మ బావ కాళ్ళు మొక్కింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నెయ్యి నింపి మూసిన కొబ్బరికాయ ఒకటి గుడ్డలో కట్టి తెచ్చింది. "స్వామీ, నా పేరు మీద అభిషేకానికి ఇయ్యి" అంది. బావ నా వైపు చూశాడు. నేను తలూపాను. తీసుకున్నాడు.

బండి పన్నెండు దాటాక కదిలింది. స్లీపర్ బోగీ. మధ్యాహ్నపు ప్రయాణానికి బెర్తు అనవసరం. కానీ జనరల్‌లో నిలబడితే బావ ఉండలేడని తీసుకున్నాను. మీరు వెళ్ళినా అదే చేయండి. కిటికీ పక్కన మీ మనిషిని కూర్చోబెట్టి, దారి వైపు మీరు కూర్చోండి.

మా ఎదురుగా మారేడ్‌పల్లి నుంచి వచ్చిన స్వాముల బృందం ఉంది. వాళ్ళ గురుస్వామి తెల్లగడ్డం పెద్దమనిషి, గాజుల దుకాణం ఉందట. పక్క సీట్లో సలీం అని లారీ మెకానిక్, నల్గొండ పోతున్నాడు. స్వాములు పులిహోర పంచారు. సలీంకూ ఇచ్చారు. బావ చేతిలో ఆకు వణికి సగం పులిహోర ఒళ్ళో పడింది.

"జరమా స్వామీ?" అన్నాడు సలీం.

"చలి" అన్నాడు బావ. బయట ఎండ మండుతోంది.

ఊరు దాటాక టికెట్లు చూసే ఆయన వచ్చాడు. నా టికెట్ తీసుకుని గట్టిగానే చదివాడు. "సత్తయ్య, మల్లేశం, మిర్యాలగూడ. ఏంది స్వామీ, కొండ మిర్యాలగూడకు వచ్చిందా?"

బోగీ అంతా నవ్వింది. గురుస్వామి నవ్వలేదు. ఆయన చూపు బావ మెడ మీద ఉంది. పులిహోర దులుపుకునేటప్పుడు కండువా జారింది. మెడ బోసిగా ఉంది.

టికెట్లాయన పోయాక గురుస్వామి మెల్లగా అడిగాడు. "మాలేది స్వామీ?"

బావ కిటికీ వైపు తిరిగాడు. నేను అబద్ధం వెతుక్కున్నాను. దొరకలేదు. దవాఖాన సంగతి, ఫిట్స్ సంగతి, పక్కింటామె ఇచ్చిన కొబ్బరికాయ సంగతి, ఎక్కడికి పోతున్నామో, ఎందుకు దాస్తున్నామో అన్నీ చెప్పాను. తిడతాడేమో, బోగీ మారమంటాడేమో అనుకున్నాను. ఆయన నల్లమూట వైపు చూపించి, "అది?" అన్నాడు.

"దుప్పటి" అన్నాను.

"ఇగ దాన్ని నెత్తికెత్తుకోకు స్వామీ. అది దుప్పటి లెక్కనే ఉండనియ్యి." తర్వాత నర్సమ్మ కొబ్బరికాయ అడిగి తీసుకున్నాడు. "ఇది అబద్ధంల ఎందుకు పోవాలె? ఆమె పేరేంది?" పేరు చెప్పాను. తన సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఆ యాత్రలో నిజంగా శబరిమల చేరింది ఆ కొబ్బరికాయ ఒక్కటే.

బావ అప్పుడు నోరు విప్పాడు. "గురుస్వామీ, బట్టలు గూడ తీసెయ్యాల్నా?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "మాల నియమంది. బట్టకేమున్నది, బట్ట. నీకు అక్కరకొస్తె ఉంచుకో."

సలీం అంతా విన్నాడు. విననట్టు నటించే రకం కాదు. "ఏం పరేషాన్ గాకు భాయ్. మా అన్న గిట్లనే ఉండె" అన్నాడు. ఉండె అన్నాడు గాని ఉన్నాడనలేదు.

"మీకు మతంలనే వద్దన్నరు గదా?" అన్నాడు ఒక చిన్న స్వామి. బ్యాంకులో చేస్తాడట.

"మీకు సర్కారు సీసా మీదనే వద్దని రాసింది గదా!" అన్నాడు సలీం. "ఆరోగ్యానికి హానికరం అని రాసుడు వాళ్ళే, అమ్మనిచ్చుడు వాళ్ళే. ఇంజన్ ఖరాబున్నదని రాసి బండి అమ్మితె నన్ను కొడ్తరు!"

అప్పుడు నేను చాలా కాలంగా మనసులో ఉన్న మాట అడిగాను. ఇంత చెడ్డదని అందరికీ తెలిసినప్పుడు పూర్తిగా ఎందుకు బంద్ పెట్టరు?

"బంద్ పెడితె జీతాలు ఎక్కడికెల్లి ఇస్తరు సార్? వచ్చే పైసలన్నీ దాని మీదికెల్లే" అన్నాడు బ్యాంకు స్వామి.

"పైసలేనా? బంద్ పెట్టిన కాలం నేను చూసిన" అన్నాడు గురుస్వామి. "మా అన్న కొడుకు గుడుంబ తాగి కండ్లు పోగొట్టుకున్నడు. దొంగతనంగ అమ్మేటోడు నీళ్ళు కలుపుతడో విషం కలుపుతడో ఎవలు చూస్తరు?"

"మరి సిగ్రెట్ తాగేటోణ్ణి రైల్ల కెల్లి దింపుతరు. దీన్నేమో పెండ్లిల పెద్దమనుషుల ముంగట పెడ్తరు. గదెందుకు?" అన్నాడు సలీం.

ఒకరు కల్లు మన చెట్టు పంట అన్నారు, కల్లు సాక పోయకుండా అమ్మవారి బోనం దిగుతుందా అన్నారు. ఇంకొకరు కొద్దిగా తాగితే మందేనన్నారు. ఎవరు మాట్లాడితే వాళ్ళది నిజమే అనిపించింది నాకు. బంద్ పెట్టాలనే మాటా నిజమే. పెడితే గుడుంబ వస్తుందనే మాటా నిజమే. నేను అడిగిన ప్రశ్న మాత్రం అట్లాగే మిగిలింది. వాళ్ళంతా సర్కారు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాకు హాయిగా కూడా ఉంది. న్యూస్ పేపర్లో చుట్టిన సీసాల గురించి నన్నెవరూ అడగలేదు.

బావ ఒక్క మాటే అన్నాడు. అది కూడా కిటికీకే చెప్పినట్టు అన్నాడు. "మాలల ఉన్నప్పుడు నన్నెవ్వలు తాగుమనలే."

నల్గొండలో సలీం దిగిపోయాడు. దిగేముందు బావ భుజం తట్టి, "ఖుదా హాఫిజ్ స్వామీ, ధైర్యంగుండు" అన్నాడు.

*

మిర్యాలగూడలో మూడు కావస్తుండగా దిగాం. స్వాములు కిటికీలోంచి శరణం చెప్పారు. ఊరంతా రైస్ మిల్లుల ఊక వాసన. స్టేషన్ బయట ఆటోలు దొరుకుతాయి. కేంద్రం పేరు చెప్పకండి, ఏ మిల్లు పక్కనో చెప్పండి. పేరు చెబితే ఆటో వాళ్ళు మీ మనిషి ముఖంలోకి చూస్తారు. కేంద్రం పేరు నేను ఇక్కడ రాయను. కావలసిన వాళ్ళు ఇంటికి వచ్చి అడగండి.

ఇంకొకటి, ఆటో మాట్లాడేటప్పుడు మీ మనిషి చెయ్యి వదలకండి. నేను వదిలాను. బేరం కుదిరి వెనక్కి తిరిగేసరికి బావ లేడు.

ఎక్కువ వెతకాల్సిన పని పడలేదు. రోడ్డుకు అవతలే వైన్స్ ఉంది. ఇనుప జాలీ వెనక ఒకాయన అమ్ముతున్నాడు. ముందు పదిమంది దాకా ఉన్నారు. నల్లబట్టల మనిషిని చూసి వాళ్ళు రెండు పక్కలకు తప్పుకున్నారు. మధ్యలో బావ, జాలీ పట్టుకుని నిలబడ్డాడు. నేను రోడ్డు దాటలేకపోయాను. లారీలు వరసగా పోతున్నాయి. దాటేసరికి మాటలు వినపడ్డాయి.

"ఒక్కటంటె ఒక్కటి. చేతులు చూడు బిడ్డా, ఎట్ల ఆడుతున్నయో."

జాలీ వెనకాయన రెండు చేతులూ జోడించాడు. "తప్పు స్వామీ. మీ కాళ్ళు మొక్కుత, పోండ్రి. నాతోని పాపం చేయించకుండ్రి. పిల్లలున్నోణ్ణి."

"మాల లేదు. చూడు, మెడల లేదు" అని బావ కండువా తీసి చూపించాడు.

"అది మీకూ దేవునికీ స్వామీ. ఈ బట్టలల్ల మాత్రం నేను ఇయ్య."

వరసలో ఉన్న ఒకాయన, అప్పటికే తాగి ఉన్నాడు, బావ భుజం మీద చెయ్యి వేసి, "స్వామీ, గిది మంచి జాగ కాదు. పోయి భజన చేసుకో. మా లెక్క ఖరాబు గాకు" అన్నాడు. తర్వాత జాలీ వైపు తిరిగి, "నాకు మాత్రం తొందరగ ఇయ్యరా" అన్నాడు. ఇచ్చారు.

నేను బావ చెయ్యి పట్టుకున్నాను. కానీ నోరు ఊరుకోలేదు. "ఆయనకు ఇస్తే పాపం, ఈయనకు ఇస్తే పాపం కాదా?" అని అడిగాను.

జాలీ వెనకాయనకు కోపం రాలేదు. నిజంగా ఆలోచించాడనుకుంటాను. "ఈయనకు ఇయ్యకుంటె నౌకరి పోతది సార్" అన్నాడు. "లైసెన్సున్న దుకాణం. అడిగితె ఇయ్యాలె."

ఆటోలో బావ నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. సిగ్గుతో కాదు, దొరకనందుకు. నేను ఆ దుకాణమాయన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మాత్రలు ఆపలేకపోయినవాణ్ణి, అక్క కన్నీళ్ళు ఆపలేకపోయినవాణ్ణి, ఒక గజం నల్లబట్ట ఆపింది. చట్టం ఇవ్వమంటోంది, ఆయన ఇవ్వనన్నాడు. అంటే ఇవ్వకుండా ఉండడం మనకు వచ్చు. వచ్చినప్పుడు మిగతా రోజుల్లో ఎందుకు రాదు? ఇక్కడ నా తల ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

*

కేంద్రం ఊరికి కొంచెం బయట, రెండంతస్తుల ఇల్లు. ముందు వేపచెట్టు, ఇనుప గేటు. డాక్టరు వచ్చి నాడి చూశారు, కళ్ళు చూశారు, సమయానికి తెచ్చారన్నారు. ఆవిడ మాట తీరు నాకు నచ్చింది. బావను తిట్టలేదు, నీతులు చెప్పలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అంటే బావ, "పెండ్లయిన కాడికెల్లి" అన్నాడు. "ఎవరితో కలిసి తాగుతారు?" అంటే, "ఒక్కణ్ణే. తెచ్చేది మాత్రం మావోళ్ళే" అన్నాడు. నేను నా చేతులు చూసుకున్నాను.

వాళ్ళ పద్ధతి ప్రకారం ఒంటి మీద బట్టలు, మొలతాడు, ఫోను అన్నీ తీసి మనకే ఇచ్చేస్తారు. వాళ్ళ పైజామా, చొక్కా ఇస్తారు. నల్ల పంచె, కండువా మడిచి నా సంచిలో పెట్టారు. తెల్లచొక్కాలో బావ చిన్నగా కనిపించాడు.

"బామ్మర్దీ, అక్కకు చెప్పు, మంచిగనే ఉన్న అని."

"చెప్త బావా."

నన్ను గేటు దాకా సాగనంపింది అక్కడి మేనేజరు. నలభై ఏళ్ళుంటాయి, నవ్వుముఖం. కాగితం మీద నా ఉద్యోగం చూసినట్టున్నాడు. గేటు దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"సార్, మీరు ఫౌజీ గదా. మిలిటరీది దొరుకుతదా? ఒక్కటి చాలు. మా బావమరిది పెండ్లున్నది."

నేను వెనక బోర్డు చూశాను. మత్తు నుంచి విముక్తి అని రాసి ఉంది. ఆయన నా చూపు గమనించి నవ్వాడు. "మనం గట్ల కాదు సార్. మనకు కంట్రోలుంటది."

లేదు అనాలని మనసులో ఉంది. నోరు ఎప్పటి అలవాటు ప్రకారం, "వచ్చేటప్పుడు తెస్తా" అంది. ఆయన సంతోషంగా చేయి కలిపాడు. మా బావను బాగా చూసుకుంటాననీ అన్నాడు. నాకు కూడా క్షణం పాటు సంతోషంగానే ఉంది. ఎవరికైనా సీసా ఒప్పుకున్నప్పుడు నాకు ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. పని అయిపోయినట్టు, మనిషి మనవాడైనట్టు.

స్టేషన్ ముందు ఇడ్లీ తిని, ఐదున్నర ప్రాంతంలో సికింద్రాబాద్ వైపు వచ్చే బండి ఎక్కాను. కూర్చోవడానికి చోటు దొరికింది. అక్కకు ఫోన్ చేసి చేర్పించానని చెప్పాను. "ఎవలన్న చూసిన్రా?" అని అడిగింది. లేదన్నాను.

నల్గొండ రాబోతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బావ. వార్డు ఫోను అడుక్కుని చేశాడు.

"బామ్మర్దీ, నా నల్ల పంచె నీ సంచిల పోయింది."

"ఉతికి ఇంట్ల పెడ్త బావా. ఇప్పుడెందుకు?"

"ఈడ మేనేజర్ సారు చెప్పిండు. నువ్వు మిలిటరీది తెస్తనన్నవట."

నేను ఫోను ఇంకో చెవికి మార్చాను.

"తెస్తవు. తెస్తె ఈ గోడల లోపటికి వస్తది. వస్తె నేను ఆగుతనా? నేనెసుంటోన్నో నాకెరుకే." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "పంచె పంపియ్యి. ఇంకేం వద్దు. అది మీదున్నంక ఎవ్వడు పొయ్యడు."

బండి నల్గొండలో ఆగింది. దిగిపోయాను. బస్టాండుకు ఆటో, అక్కడి నుంచి మిర్యాలగూడ బస్సు. కిటికీ పక్క సీటు, ఒళ్ళో సంచి. రోడ్డు పొడుగునా వైన్స్ బోర్డుల దీపాలు వెలుగుతున్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను.

గేటు దగ్గరికి మేనేజరే వచ్చాడు. బావ అడిగాడు, ఈ పంచె ఆయనకు ఇవ్వండని చెప్పాను. పద్ధతి ఒప్పుకోదన్నాడు. లోపలికి వెళ్ళి డాక్టరమ్మను అడిగి వచ్చి, ఆమె సరేనన్నారని తీసుకున్నాడు. తీసుకుంటూ, "మరి మనది మరిచిపోరు గదా సార్?" అన్నాడు.

"నా కార్డు గడువు అయిపోయింది. ఇందాక గుర్తు రాలేదు" అన్నాను.

"అయ్యో" అన్నాడు, నిజంగానే బాధపడి.

బస్సులో వస్తూ నా మీద నాకే ఆశ్చర్యం వేసింది. ఫౌజులో పనిచేసినవాణ్ణి. గేటు దగ్గర నిలబడి ఒక మనిషి ముఖం మీద ఇవ్వను అనలేకపోయాను. బావకు కావలసింది నల్లబట్ట. నాకు కావలసి వచ్చింది చెల్లని కార్డు. తాగనని చెప్పడానికీ, ఇవ్వనని చెప్పడానికీ ఏదో ఒక ముసుగు లేనిది మన దగ్గర కుదరదా? సర్కారు ఎందుకు బంద్ పెట్టదని రైల్లో అడిగినవాణ్ణి నేనే. సర్కారు సంగతి నాకు ఇంకా అర్థం కాలేదు. నా సంగతి కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేను. సికింద్రాబాద్ దీపాలు కనిపించేదాకా ఇదే తిరిగింది తలలో.

బావ ఇంటికి వచ్చాడు. షెడ్డులో పని చేస్తున్నాడు. ఇంకా నల్ల పంచే కడతాడు. గల్లీలో వాళ్ళు, "ఇంకెన్ని మండలాలు స్వామీ?" అని నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. ఎన్నాళ్ళు ఉంటుందో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు.

మీ ఇంట్లో ఇటువంటి మనిషి ఉంటే, మాల వేయించి ఒక్కరోజులో ఆపించకండి. ముందు డాక్టరుకు చూపించండి. మధ్యాహ్నం బండికి వెళితే పొద్దు ఉండగానే చేరతారు. సంచిలో బట్టలు సర్దేటప్పుడు ఒక నల్ల పంచె కూడా పెట్టండి. ఎందుకని నన్ను అడిగితే నేను సరిగ్గా చెప్పలేను.

చివరగా ఇంకొక సవరణ. అప్పటి నుంచి సీసా కోసం వచ్చిన ప్రతివాళ్ళకూ, ఈ కాలనీలో చాలామందికి, క్యాంటీన్ కార్డు గడువు అయిపోయిందని చెబుతున్నాను. అది కూడా అబద్ధమే. కార్డు బీరువాలో ఉంది, చెల్లుతుంది. నేనే ఇవ్వను.